చింతచిగురు వచ్చే రోజులు

మెహదీపట్నం రైతుబజారును చూడదలచినవారు ఫజ్ర్ నమాజు ముగియగానే బయలుదేరడం మంచిది. ఎండ ముదిరాక వెళితే ఆకుకూరలు వాడిపోయి ఉంటాయి. దళారుల ప్రమేయం లేకుండా రైతు తన పంటను తానే అమ్ముకోవాలన్న ఉద్దేశంతో 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రైతుబజార్లను ప్రారంభించింది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు రైతులు ఇక్కడికి కూరగాయలు తెస్తారు.

ఇక్కడ బేరం రెండు భాషల్లో సాగుతుంది. బురఖాలోని ఇల్లాలు అంబాడా అడుగుతుంది, రైతు గోంగూర కట్ట అందిస్తాడు. ఆమె కద్దూ అంటే ఆయన సొరకాయ తూస్తాడు. వేసవి తొలినాళ్లలో మాత్రం ఒక మాటకు అనువాదం అక్కరలేదు. అది చిగురు. చిగుర్ గోష్త్ అన్న మన ఇళ్ల వంటకం పేరులో సగం తెలుగే. హైదరాబాదు ముస్లిముల వంట అనగానే అందరూ బిర్యానీ, హలీం పేర్లే చెబుతారు. మా దృష్టిలో ఈ నేల రుచి ఆ రెండింటిలో కన్నా మన ఇళ్ల పులుపులో ఎక్కువగా ఉన్నది. ఖట్టీ దాల్, దాల్చా, కిచిడీ పక్కన ఖట్టా, అన్నీ చింతచెట్టు పెట్టిన భిక్షే.

మొన్న చిగురు కోసం ఎంత తిరిగినా ఒక్క ముసలమ్మ గంపలోనే కనిపించింది, అదీ రెండు గుప్పెళ్లు. "ఇంతేనా అమ్మా?" అని అడిగాము.

"రోడ్డు ఎడల్పు జేసిండ్రు సాబ్, చింతచెట్లన్నీ వోయినయ్. ఉన్న ఒక్క చెట్టు ఎక్కెటోడు లేడు" అన్నది ఆమె.

చిగురు లేతగా ఉండాలి. కాస్త ముదిరితే పీచు నోటికి తగులుతుంది. ఈనెలు తీసి రెండు అరచేతుల మధ్య నలిపితే పొడిపొడిగా రాలుతుంది. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం వేసి మాంసాన్ని ముందుగా మెత్తగా ఉడికించి, ఆ తర్వాతనే చిగురు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి కాసేపు మగ్గనివ్వాలి. దాల్చాలోనూ అంతే. శనగపప్పు మెత్తబడక ముందే చింతపండు పులుసు పోస్తే పప్పు బిరుసుగానే ఉండిపోతుంది.

మన అమ్మమ్మలు ఈ వంటలు వండింది రుచి కోసం మాత్రమే కాదు. పావుకిలో మాంసం పదిమందికి సరిపోవాలి. ఆకు, సొరకాయ, పప్పు ఆ లోటును పూడ్చేవి, అతిథికి ఆ సంగతి తెలిసేది కాదు. మా మదర్సాలో జుమా నాడు దాల్చా వండుతారు. పిల్లలు సొరకాయ ముక్కలను పక్కకు నెట్టి బొక్కల కోసం వెతుక్కోవడం మేము చూడనట్లే నటిస్తాము. నేడు మాంసం ధర చూసి నిట్టూర్చే ఇళ్లే బయటి నుండి బిర్యానీ పొట్లాలు తెప్పిస్తున్నాయి. ఇంటి కోడలికి చిగురు నలపడం నేర్పే అత్తకు కూడా ఓపిక తగ్గిందన్నది మా ఫిర్యాదు.

ఆ రెండు గుప్పెళ్లూ కొన్నాము. ఒకటి ఆ పూటే వండారు. రెండవది నీడన ఆరబెట్టి, గలగలలాడేలా ఎండాక గుడ్డలో మూటకట్టారు. వచ్చే నెల బంధువులు ఉమ్రాకు వెళుతున్నారు, జిద్దాలో ఉన్న మా అమ్మాయికి అది చేరుతుంది. దానితో పాటు చింతపండు కూడా వేయాలా అని ఆమె ఇప్పటికే ఫోనులో అడిగింది. వద్దని వాళ్ల అమ్మ రెండుసార్లు చెప్పింది.