గాలి తగ్గితేనే పట్టు!

మా బంధువుల్లో ఎవరు కొత్త బండి కొన్నా ముందు ఇంజిన్ గొప్పలే చెబుతారు. నేను మాత్రం వంగి టైర్లు చూస్తాను. నవ్వుతారు... నవ్వనివ్వండి! అంత బరువైన బండినీ, అందులో కూర్చున్న ఇంటిల్లిపాదినీ నేలకు పట్టి ఉంచేది నాలుగు అరచేతులంత రబ్బరే కదా.

ఈ పిచ్చి నాకు అంటించింది బొర్రా గుహల దగ్గర ఓ జీపు డ్రైవరు. కటికి జలపాతానికి మేం వెళ్లిన దారంతా రాళ్లూ గోతులే. బయల్దేరేముందు ఆయన నాలుగు చక్రాల్లోనూ కాస్త కాస్త గాలి వదిలాడు.

'అదేంటి బాబాయ్, గాలి తీసేస్తున్నారు?' అన్నాను.

'నిండుగా ఉంటే రాయి మీద బంతిలా ఎగురుతాది బాబూ. కొంచెం మెత్తబడితే పట్టుకుంటాది' అన్నాడు. టైరు చిరిగితే ఆయనకు ఆరోజు సంపాదన పోయినట్టే. అందుకే అంత శ్రద్ధ!

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గాలి తగ్గితే టైరు నేలమీద ఎక్కువ మేర పరుచుకుంటుంది. పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. తారురోడ్డు మీద 32, 33 పీఎస్ఐ ఉంచే బండికి రాళ్లదారిలో 25 వరకూ, మెత్తటి ఇసుకలో 18 వరకూ తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. గాలి తగ్గించాక వేగమూ తగ్గించాల్సిందే. తిరిగి తారురోడ్డెక్కే ముందు నింపుకోకపోతే టైరు వేడెక్కి పేలిపోవచ్చు. అందుకే డిక్కీలో స్టెపినీతోపాటు చిన్న పంపూ, గాలి కొలిచే మీటరూ ఉండాలి.

ఎప్పుడో సెలవులకి కొండెక్కేవాళ్లకి 'ఆల్ టెర్రైన్' టైర్లు చాలు. పెద్దపెద్ద గాట్లుండే 'మడ్ టెర్రైన్' టైర్లు బురదలో భేష్. తారురోడ్డు మీద మాత్రం ఒకటే రొద, మైలేజీ కూడా తగ్గుతుంది. టైరు పక్కనుండే 'డాట్' కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగిందా, ఇక మార్చేయాల్సిందే.

ఇక దారి సంగతి. గుడిస లాంటి గడ్డికొండల మీద ఫొటోల కోసం జాడ తప్పించి బండి తిప్పేవాళ్లని చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. చక్రం నలిపినచోట గడ్డి చస్తుంది. వాననీళ్లు ఆ గాడిలోనే పారి మట్టిని కోసేస్తాయి. కొన్నేళ్లకు అదో గండి! ముందు బండ్లు వెళ్లిన జాడలోనే వెళ్లండి. వాగు అడ్డొస్తే ఆగి, నీటి లోతూ వేగమూ చూడండి. ఉద్ధృతంగా ఉంటే ఎంత మంచి టైర్లున్నా సరే, బండి వెనక్కి తిప్పేయండి. పిల్లలకు జలపాతం వచ్చే నెలలోనైనా చూపించొచ్చు.