ఆ వేదిక మీద ఇంకో కుర్చీ

సెప్టెంబరు 5, సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు. ఉత్తమ ఉపాధ్యాయులకు వేదిక మీద శాలువాలు కప్పే రోజు. ఆ గౌరవం వాళ్లకు దక్కాల్సిందే.

అయితే ఒకసారి అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలం వైపు చూడండి. అక్కడ వేదవతి నది మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. అయినా వాన మొహం చాటేస్తే మెట్టచేలో వేరుశనగ ఎండుతుంది. అలాంటి ఏళ్లలో అనంతపురం పల్లెల నుంచి ఎందరో బెంగళూరు దారి పడతారు. అవ్వాతాతల దగ్గర మిగిలిన పిల్లలకు బడే దిక్కు.

ఆ బడిని మోసేది టీచర్లొక్కరే కాదు. మధ్యాహ్నం అన్నం వండే అక్కలు, మరుగుదొడ్లు కడిగే ఆయమ్మలు, జీతం లేకున్నా విద్యా కమిటీలో తిరిగే తల్లులు కూడా. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ కూడా ఈ జిల్లా పల్లెల్లో బడివేళలు కాని వేళల్లోనూ పిల్లలకు పాఠాలు చెప్పించింది.

ఈసారి వేదిక మీద వీళ్లందరికీ కుర్చీ వేయండి. పేరుపేరునా పిలవండి.