పక్కన కూర్చున్న అరగంట

మా అమ్మాయి 1994లో బరంపురంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో పుట్టింది. ఆపరేషన్ కాన్పు. మత్తు దిగాక "పిల్లేదమ్మా?" అని అడిగితే, "నిద్రపోతోంది, మీరూ పడుకోండి" అన్నారు. మూడోనాడు గానీ పిల్ల నా ఒళ్లోకి రాలేదు. ఈలోగా సీసాతో డబ్బాపాలు పట్టేశారు. నా దగ్గర పడుకోబెడితే ఏడ్చి మొహం తిప్పుకునేది. అది చూసి డాక్టరుగారు "మీకు పాలు చాలవు" అని చీటీ మీద డబ్బా పేరు రాసిచ్చారు. ఆస్పత్రుల్లో డబ్బాపాల ప్రచారం కూడదని 1992లోనే చట్టం వచ్చిందన్న సంగతి నాకప్పుడు తెలియదు.

నెల తిరిగేసరికి ఉన్న పాలూ ఇంకిపోయాయి. చూడవచ్చినవాళ్లంతా "అయ్యో, పాలు పడలేదా?" అని పరామర్శిస్తుంటే, లోపం నాదేననుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు అలాగే అనుకున్నాను.

2022లో అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. దానికీ ఆపరేషనే అయింది. ఆస్పత్రి మాత్రం వేరు. గంట తిరక్కుండానే బిడ్డను తెచ్చి తల్లి గుండెల మీద పడుకోబెట్టారు. మా అత్తగారి నాటి అలవాటు కొద్దీ నేను తేనె పట్టుకెళ్లాను. అక్కడి నర్సమ్మ ఒడియా పిల్ల. వచ్చీరాని తెలుగులో, "మావుసీ, ఏడాది వరకు తేనె వద్దు. దీనికి ముర్రుపాలే తేనె" అని నవ్వింది.

తరువాత ఆమె చేసిన పని చిన్నదే. ఒక స్టూలు లాక్కుని అరగంట పక్కన కూర్చుంది. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను తల్లి చంక కింద పక్కగా పట్టించింది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలనీ, గడ్డం రొమ్ముకు ఆనాలనీ చూపించింది. మొదటిసారి కుదరలేదు, రెండోసారీ కుదరలేదు. ఆమె విసుక్కోలేదు. మూడోసారి బిడ్డ గుటక వేసిన చప్పుడు నాకు వినిపించింది.

మర్నాడు రాత్రి బిడ్డ ఒకటే ఏడుపు. "పాలు చాలడం లేదేమో, డబ్బా తెప్పించమంటావా?" అన్నాను. "మొదటి రోజుల్లో చెంచాడైనా చాలు మావుసీ. బరువు కాస్త తగ్గడమూ మామూలే. అయిదో రోజు నుంచి తడిపిన గుడ్డలు లెక్కపెట్టండి. రోజుకు ఆరు తడిస్తే పాలు చాలినట్టే" అంది.

అప్పుడు నా సంగతీ చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది. "మూడు రోజులు పిల్లను ఇవ్వకపోతే పాలెలా వస్తాయి? పిల్ల తాగిన కొద్దీ కదా ఊరేవి!" అంది. నేను వరండాలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి సుమారు 89 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం నూటికి 42 మందే. అంటే ఆ మొదటి గంట ఇప్పుడు అత్తగార్ల చేతుల్లో కంటే డాక్టర్ల, నర్సుల చేతుల్లోనే ఎక్కువగా ఉంది.

మన సంఘంలోనూ డాక్టర్లు, నర్సులు ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే. డబ్బాపాలు నిజంగా అవసరమయ్యే బిడ్డలూ ఉంటారు, కాదనను. కానీ అది పరీక్షించి చెప్పవలసిన మాట, ఏడుపు విని చెప్పే మాట కాదు. "ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టండి" అని గోడ మీద రాస్తే సరిపోదు. ఎలా పట్టాలో పక్కన కూర్చుని చూపించాలి. పరాయి భాషలో ఇలాంటివి అడగడానికి మన ఆడపిల్లలు సిగ్గుపడతారు. వాళ్ల భాషలో రెండు మాటలు చెబితే సగం భయం పోతుంది.

మా మనవరాలు రెండేళ్లు నిండేదాకా తల్లిపాలు తాగింది. నాకు పాలు పడలేదని ఇప్పుడెవరైనా అంటే, "పడనివ్వలేదు" అని దిద్దుతున్నాను.