గోడ మీద యూ9

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. శ్రీసిటీలో ఓ మూడంతస్తుల ఆఫీసు అనుకోండి. ఉన్నట్టుండి ఏసీలన్నీ ఆగిపోయాయి. గోడకున్న రిమోట్ తెర మీద ఒక అక్షరం, ఒక అంకె మిణుకుమిణుకుమంటున్నాయి... యూ9. పావుగంటకల్లా చొక్కాలు తడిసిపోయాయి. అల్లంత దూరంలో పులికాట్ సరస్సు, దాని వెనకాలే సముద్రం. ఇక్కడ ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ ఏడిపిస్తుంది. ‘ఎంతసేపయ్యా?’ అని మేనేజరు కేకలు. ‘చూస్తున్నాం సార్’ అని మెకానిక్ జవాబు.

ఇంట్లో పెట్టుకునే ఏసీ వేరు, ఇది వేరు. మేడ మీద పెద్ద అవుట్‌డోర్ యూనిట్లు, కింద గదికొక ఇండోర్ యూనిట్. పెద్ద మోడళ్లలో అరవై దాకా ఒకే గొలుసుకు కలపొచ్చు. ఏ గదికి ఎంత చల్లదనం కావాలో అంతే గ్యాసు వెళ్తుంది. జపాన్‌కు చెందిన డైకిన్ 1982లో వీఆర్‌వీ పేరుతో ఈ పద్ధతి తెచ్చింది. మిగతా కంపెనీలు వీఆర్‌ఎఫ్ అంటాయి. ఉమ్మడి కుటుంబం లాంటిదన్నమాట. ఒకరు అలిగితే ఇంటిల్లిపాదికీ పస్తే!

చిత్రమేంటంటే, ఇది ఏసీలు పుట్టే ఊరే. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన ఈ పారిశ్రామికవాడలో బ్లూస్టార్ 2023 జనవరిలో, డైకిన్ అదే ఏడాది నవంబరులో ఫ్యాక్టరీలు తెరిచాయి. ఎల్‌జీ ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. అయినా ఏసీ ఆగితే అందరూ ఎదురుచూసేది టూల్‌బ్యాగుతో బైకు మీద వచ్చే కుర్రాడి కోసమే.

ఆ కుర్రాడు ముందు నేర్చుకోవాల్సింది ఈ కోడ్ల భాష. డైకిన్ లెక్కలో ఏ, సీ అక్షరాలతో మొదలైతే తేడా గదిలోని యూనిట్‌లో ఉన్నట్టు. ఈ, ఎఫ్, హెచ్, జే, ఎల్ అయితే మేడెక్కాలి. యూ వచ్చిందా... కరెంటో, గ్యాసో, యూనిట్ల మధ్య మాటలో ఎక్కడో తేడా వచ్చినట్టు. ఒక్కో కంపెనీది ఒక్కో లిపి. ఇండోర్, అవుట్‌డోర్ మధ్య మాట తెగిపోతే డైకిన్ యూ4 అంటుంది, ఎల్‌జీ సీహెచ్05 అంటుంది. అందుకే చాలామంది మెకానిక్‌ల సెల్‌ఫోన్లలో పాటలకన్నా సర్వీసు పుస్తకాల పీడీఎఫ్‌లే ఎక్కువ.

భాష వచ్చినంత మాత్రాన సరిపోదు. ఆ ఆఫీసు సంగతే చూడండి. ‘అన్నా, బోర్డు పోయినట్టుండాది’ అంటాడు కొత్తగా చేరిన పిల్లాడు. పెద్దాయన బోర్డు జోలికే వెళ్లడు. ‘ఎవురూ అరవని గది ఏదిరా?’ అంటాడు. ఎందుకంటే యూ9కి అర్థం ‘నేను బాగానే ఉన్నా, నాతోటి యూనిట్‌కే అవుట్‌డోర్‌తో మాటల్లేవు’ అని. అంటే యూ9 కనిపించే గదుల్లో వెతకడం దండగ. తిరగ్గా తిరగ్గా రెండో అంతస్తులో, సామాన్లు పడేసిన పాత మీటింగ్ గది తగిలింది. అక్కడి రిమోట్ తెర నల్లగా ఉంది. వాడని గదికి కరెంటెందుకని ఎవరో ఆ యూనిట్ ఎంసీబీ దించేశారు. అంతే! మీట పైకెత్తి, కాసేపు ఆగితే ఇల్లు చల్లబడింది. ఆ పిల్లాడి మాటే నమ్మి ఉంటే ఖరీదైన బోర్డు మారేది, యూ9 మాత్రం అక్కడే ఉండేది.

పొదుపు చేసినవాడి తప్పూ కాదది. గదిలోని యూనిట్‌లో గ్యాసును కొలిచి వదిలే చిన్న వాల్వు ఉంటుందనీ, నడుస్తుండగా కరెంటు తీసేస్తే అది ఎంత తెరుచుకుని ఉంటే అంతలోనే ఆగిపోతుందనీ అతనికి ఎవరు చెప్పారు? అలా ఆగితే గ్యాసు ద్రవంగానే కంప్రెసర్ వైపు పరుగెత్తొచ్చు. కంప్రెసర్‌కు అంతకన్నా చేటు లేదు.

యూ0 కథ ఇంకా సున్నితం. గ్యాసు తగ్గిందని దానర్థం. ‘గ్యాసు కొట్టేస్తే సరి’ అనేవాళ్లకు కొదవలేదు. కానీ ఇది స్టవ్వు సిలిండరు కాదుగా అయిపోవడానికి! గొట్టాల్లో తిరిగే గ్యాసు తగ్గిందంటే దాదాపుగా ఎక్కడో కారుతున్నట్టే. నైట్రోజన్ నింపి, అతుకుల దగ్గర సబ్బునురగ రాసి, బుడగ లేచేదాకా వెతకాలి. ఒక రోజు పడుతుంది, ఒక్కోసారి రెండు. వెతక్కుండా నింపితే వేసవి మధ్యలో మళ్లీ అదే యూ0. ఇలాంటి మిషన్లలో ఎక్కువగా కనిపించే ఆర్‌410ఏ ఒక్క కిలో గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది రెండు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

ఈ3 అంటే పీడనం బాగా పెరిగిపోయిందని. చాలాసార్లు మేడ మీద దుమ్ము పట్టిన కాయిల్‌ను నీళ్లతో కడిగితే తీరిపోతుంది. ఏ3 అంటే నీళ్లు బయటికి పోవడం లేదని. ఈ తేమగాలిలో ట్రేలో పాచి పట్టడం మామూలే.

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ప్రాణం మీదికి వచ్చేది ఈ కోడ్లలో కనిపించదు. త్రీఫేజ్ కరెంటుతో నడిచే అవుట్‌డోర్ యూనిట్‌లోని ఇన్వర్టర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్లుంటాయి. మిషన్ నడుస్తున్నప్పుడు వాటిలో ఐదొందల వోల్టుల పైచిలుకు డీసీ ఉంటుంది. మెయిన్ ఆపేసినా వెంటనే పోదు. తెర ఆరిపోతుంది, ఫ్యాను ఆగిపోతుంది, అంతా నిద్రపోయినట్టే కనిపిస్తుంది. అప్పుడు చెయ్యి పెడితే మనిషిని పడేస్తుంది. అందుకే పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి వోల్టేజి యాభైకి దిగిందని చూశాకే ముట్టుకోవాలని సర్వీసు పుస్తకాలు చెబుతాయి.

అనుభవం ఉన్న మెకానిక్ మెయిన్ ఆపేశాక వాచీ చూసుకుంటాడు. ట్యాంకు నీడన కూర్చుని, బాటిల్లో మిగిలిన నీళ్లు తాగుతాడు. కింద మేనేజరు ఫోన్ మీద ఫోన్ కొడుతూనే ఉంటాడు. పది నిమిషాలు కానివ్వండి సార్, అంటాడు.