చీమల బంగారము

వాకిట వరిపిండితో పెట్టిన ముగ్గు చీమలకు ఆహారమగునని మన పెద్దలు చెప్పుదురు. చిన్ననాట మా నాయనగారియొద్ద భారతము చదువుకొను దినములలో ఆ చీమలనుగూర్చియే మేమొక వింత వింటిమి. ధర్మరాజు రాజసూయమునకు వచ్చిన కానుకలను దుర్యోధనుడు తన తండ్రికి వర్ణించి చెప్పును గదా! వ్యాసభారతమున సభాపర్వమునందు ఆ పట్టున, మేరుమందర పర్వతముల నడుమ శైలోదానదీ తీరమున నివసించు ఖశులు, తంగణులు మున్నగువారు చీమలు వెలికిదీసిన బంగారమును రాసులుగా తెచ్చిరని యున్నది. చీమలేమి, బంగారము త్రవ్వుటయేమి యని మేము నవ్వితిమి. నాయనగారు నవ్వలేదు. "తొందరపడి నవ్వకుము తల్లీ, చూడవలసిన లోకమింకను చాల గలదు" అనిరి.

గడచిన వేసవి సెలవులలో మావారు మమ్మును మా అమ్మాయిని లడఖునకు తీసికొనిపోయిరి. లేహ్ పట్టణమునుండి పాంగాంగు సరస్సునకు పోవు త్రోవలో, చాంగ్‌లా కనుమ దాటిన పిమ్మట, ఒక పచ్చికబయలున కారు నిలిచెను. అచట బొరియల ముంగిట బొద్దుగానున్న గోధుమవన్నె జంతువులు కొన్ని వెనుకకాళ్లపై నిలిచి, ముందుకాళ్లు రొమ్మున చేర్చుకొని, నమస్కరించుచున్నట్లు మమ్ము చూచుచుండెను. అవి మార్మట్లు. లడఖీలు వానిని ఫియా యందురు.

మా అమ్మాయి సంచిలోని బిస్కట్లు తీసినది. "పెట్టవే తల్లీ, నోరులేని ప్రాణికి పెట్టిన పుణ్యము" అని మేమే ప్రోత్సహించితిమి. ఒకటి దగ్గఱకు వచ్చి, బిస్కట్టును చిన్నబిడ్డవలె రెండు చేతులతో పట్టుకొని తినుచుండగా మాకు కన్నులు చెమర్చెను. అంతలో కారు నడపు లడఖీ యువకుడు పరుగున వచ్చి, "దీదీ, పెట్టకుడు. ఈ తిండి దీనికి చేటు" అనెను. మాకు కోపము వచ్చెను. అన్నము పెట్టు చేతిని వలదనువారిని అంతవఱకు మేమెఱుగము. మావారు మాత్రము శాంతముగా కారణమడిగిరి. అతడు చెప్పినదియు, ఇంటికి వచ్చిన తరువాత మేము చదివి తెలిసికొన్నదియు ఇచట వ్రాయుచున్నాము.

మార్మట్టు ఉడుత కుటుంబములోనిదే. హిమాలయములందును టిబెట్టు పీఠభూమియందును, ఇంచుమించు 3,500 మీటర్లకు పైబడిన ఎత్తున నివసించును. గడ్డియు ఆకులును వేళ్లును దాని ఆహారము. చలికాలమున అచట పచ్చియాకు దొరకదు. అందుచేత వేసవి కొలదినెలలలోనే ఒంట క్రొవ్వు కూర్చుకొని, లోతైన బొరియలో గుంపుగా చేరి, ద్వారము మూసికొని ఆఱుమాసములకు పైగా నిద్రించును. అది గింజలు దాచుకొనదు. ఒంటి క్రొవ్వే దాని గాదె. చలిలో గడ్డకట్టని మంచి క్రొవ్వు దానికి పచ్చిమొక్కలవలననే లభించును. మైదా బిస్కట్లతో నింపిన గాదె చలికాలమున దాని నేమి కాపాడును? మఱియు మనుష్యుని నమ్మిన జంతువు త్రోవకు వచ్చి కార్లకును కుక్కలకును చిక్కును. ఈ జంతువులలో కొన్నిచోట్ల ప్లేగు వ్యాధి యుండుటచేత వానిని తాకుటయు క్షేమము కాదు.

దీని దాయాది అమెరికాలోని గ్రౌండ్‌హాగ్. నిద్రాకాలమున దాని గుండె నిమిషమునకు 80 మారులు కొట్టుకొనుటకు బదులు ఐదాఱు మారులు మాత్రమే కొట్టుకొనును. 1883లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రమువారు దానిని పంటలకు శత్రువని యెంచి, చంపినవారికి తలకు 10 సెంట్లు బహుమాన మిచ్చిరి. పెన్సిల్వేనియాలోని పంక్సటానీ యను ఊర 1887 మొదలు ఫిబ్రవరి 2వ తేదీని దాని పండుగ జరుగుచున్నది. అది తన నీడను చూచినచో చలి ఇంక ఆఱువారము లుండునని వారి వాడుక. ఒకచోట చంపుటకు వెల, ఒకచోట చూచుటకు వేడుక. దానికేమి కావలెనని అడిగినవారు రెండుచోట్లను అరుదు.

ఇక చీమల బంగారము. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు కూడ, నక్కకంటె పెద్దవైన చీమలు హిందూదేశపు సరిహద్దున బంగారు ఇసుకను త్రవ్వునని వ్రాసెను. లడఖునకు పడమరనున్న దేవ్‌సాయి పీఠభూమిపై మార్మట్లు బొరియలనుండి తోడివేసిన మట్టిలో అచటివారు పూర్వము బంగారపు రజను ఏఱుకొనెడివారని ఫ్రెంచి యాత్రికుడు మిషెల్ పెస్సెల్ 1984లో ప్రకటించి, ఆ చీమలు ఇవియే యనెను. పండితులందఱును దీని నంగీకరింపలేదు. నిజమైనచో, మేము నవ్విన చీమ మా చేతి బిస్కట్టు తినినదన్నమాట! ఆ జంతువు బంగారమునకై త్రవ్వలేదు. ఇల్లు కట్టుకొనెను, అంతియే.

ఆ రాత్రి మా అమ్మాయి, "అమ్మా, మనము పెట్టిన ఆ ఒక్కదానికి ఏమగును?" అని అడిగినది. మేము జవాబు చెప్పలేకపోతిమి. మాకు మా అత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆమెకు మధుమేహము. రెండేండ్ల క్రిందట పండుగనాడు ఆమె వలదు వలదనుచుండగా "ఒక్కటే అత్తయ్యా" యని విస్తరిలో బూరెలు వడ్డించితిమి. ఆమె మా మనసు నొప్పింపలేక తినిరి. ఆ రాత్రియే ఆస్పత్రికి తీసికొనిపోవలసి వచ్చెను. ఆమె కోలుకొనిరి గాని, నాడు మేము పెట్టినది ఆమె ఆకలికి కాదు, మా సంతోషమునకు.

సోదరీమణులారా! పెట్టుట మన యిండ్ల సొమ్ము, దానిని విడువవలదు. కాని పెట్టుటకు ముందు ఎదుటి ప్రాణికి ఏది హితమో ఒక్కమా టడుగుదము. లడఖునకు పోవువారు బిస్కట్లను సంచిలోనే యుంచి, ఆ జంతువులను దూరమునుండి కన్నులార చూచి రండు. మేము మాత్రము ఇంటికి వచ్చిన మఱునాడే ముగ్గునకు రాతిపొడి మాని వరిపిండి తీసితిమి. చీమలకు అది హితమే.