రద్దు చేసేముందు ఒక్క మాట

ఆగస్టు 3

రాత్రి తెలుగు వికీపీడియాలో ఇటీవలి మార్పులు చూస్తూ కూర్చున్నా. పల్నాడు పల్లె ఒకదాని పేజీలో పెనుగులాట. కొత్తాయన ఎవరో, వాడుకరి పేజీ ఇంకా సృష్టించుకోని ఎర్ర లింకే, తమ ఊరి తిరునాళ్ళ గురించి నాలుగు వాక్యాలు చేర్చాడు: ప్రభలు ఎన్ని కడతారు, ఏ వీధివాళ్ళది ముందు నడుస్తుంది. పాత వాడుకరి ఒకరు తీసేశారు. ఈయన మళ్ళీ పెట్టాడు. ఆయన మళ్ళీ తీసేశారు. రెండుసార్లూ, ఎందుకు తీశారో చెప్పాల్సిన సారాంశం గడి ఖాళీ. మూడోసారి మాత్రం "ఇది మీ ఫేస్‌బుక్ గోడ కాదండీ" అని రాశారు.

ఆ పేజీలో మిగతాదంతా 2011 జనాభా లెక్కల సరుకే. ఇళ్ళెన్ని, సాగుభూమి ఎన్ని హెక్టార్లు, బస్సు వస్తుందా రాదా. ఊరివాడు రాసిన మాటలు ఆ నాలుగే.

ఆగస్టు 4

చర్చ పేజీలో కొత్తాయన విరుచుకుపడ్డాడు: "మా ఊరి సంగతి నీకేం తెలుసు?" ఇక మర్యాద తప్పింది ఈయనే అంటారు. ముందు గిల్లినాయన "అండీ" చాటున భద్రం. వికీమీడియా ఫౌండేషన్ 2021లో ప్రకటించిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళి ఈ గిల్లుడునీ వదల్లేదు: విడిగా చూస్తే తప్పనిపించని వెటకారమైనా, పదేపదే చేస్తే అవమానం కిందికి రావచ్చట. రాసినవాళ్ళు చర్చ పేజీల్లో బాగా నలిగినవాళ్ళే అయ్యుండాలి.

కానీ ఇప్పుడు ఆ లింకు విసిరితే ఇద్దరూ కలిసి నా మీద పడతారు. పైగా ఆ వాక్యాలకు మూలం లేకపోవడమూ నిజమే. ఆ ముక్క పాతాయన మొదటిసారే సారాంశంలో రాసి ఉంటే సరిపోయేది.

నాలుగు వాక్యాలనూ చర్చ పేజీలోకి తెచ్చి కింద రాశా: "ప్రభల వివరం బాగుంది. పేపర్లో ఎప్పుడైనా వచ్చిందా? ఆ వార్తను మూలంగా ఇచ్చి తిరిగి పెడదాం. తీసేసినవి ఎక్కడికీ పోవు, పేజీ చరిత్రలో ఉంటాయి." కొత్తవాళ్ళ కోపంలో సగం, రాసింది గంగపాలైందన్న బాధే.

ఆగస్టు 7

కొత్తాయన జవాబిచ్చాడు. పేపరు కత్తిరింపు ఉందట, తారీఖున్న మూల చిరిగిపోయిందట. సంతకం చెయ్యలేదు, చివర్లో నాలుగు టిల్డేలు కొట్టమని చెప్పా.

దాని కిందే పాత వాడుకరి: "తారీఖు లేని కత్తిరింపు చెల్లదు. ఏ పత్రికో, ఇంచుమించు ఏ సంవత్సరమో చెబితే నేను వెతుకుతాను."

ఈసారి "అండీ" లేదు. నాకైతే ఇదే నచ్చింది.