రెండో సీటు

2000వ సంవత్సరం, డిసెంబరు నెల. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా చిన్నవాడు సెలవులకు జమ్మలమడుగు వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక సంచిలోంచి పత్రికలో కత్తిరించిన కాగితం ఒకటి తీసి మా ముందు పెట్టాడు. దానిమీద ఎర్రని కారు బొమ్మ. పేరు శాన్ స్టార్మ్. రెండే సీట్లు, పైకప్పు తీసేయవచ్చు.

"మన దేశంలోనే చేస్తాండారు నాయనా! స్పోర్ట్స్ కారంటే కోటీశ్వరులకే అనుకుంటాం గదా, ఇది మన బోటోళ్లు గూడా అప్పు చేసైనా కొనుక్కోవచ్చు" అన్నాడు.

నిజం చెప్పాలంటే మాకూ ఉత్సాహం కలిగింది. 1973లో మా పెళ్లయిన కొత్తలో మాకొక జావా మోటారు సైకిలుండేది. దానిమీద మేమిద్దరమే పదిహేను కిలోమీటర్ల దూరంలోని గండికోటకు వెళ్లి, పెన్న లోయ అంచున కూర్చుని, చీకటి పడకముందే తిరిగొచ్చేవాళ్లం. పిల్లలు పుట్టాక ఆ బండి అమ్మేశాం. అదీ రెండు సీట్లదే!

మావాడు కారు సంగతులన్నీ వివరించాడు. ఇంజను ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీది, సుమారు 1,150 సీసీ, అరవై గుర్రాల శక్తి. పైభాగం ఇనుప రేకు కాదు, ఫైబర్‌గ్లాసు. బరువు తక్కువ కనుక చిన్న ఇంజనే చాలునట. 1989లో జపాను మజ్దా కంపెనీ మియాటా అనే రెండు సీట్ల కారును ఈ పద్ధతిలోనే తెచ్చిందనీ, పెద్ద ఇంజను లేకపోయినా జనం దాన్ని ఎగబడి కొన్నారనీ చెప్పాడు.

తెల్లవారేసరికి మా ఉత్సాహం చల్లబడి అనుమానాలు మొదలయ్యాయి. నాపరాళ్ల లారీలు తిరిగే మా దారుల్లో, నేలకు అంత దగ్గరగా కూర్చునే బండి గుంతలు దాటుతుందా? కడప జిల్లా ఎండల్లో కప్పు తీసి తిరిగేదెన్నాళ్లు? ప్రొద్దుటూరులో తెలిసిన మెకానిక్కును అడిగితే, "రేకైతే సొట్ట పడినా సుత్తితో కొట్టి సరిచేస్తాం సార్. ఫైబరు పగిలితే అతకాల్సిందే. సామాను యాడ దొరుకుతాదో ఏమో!" అన్నాడు. ఇంటి అప్పు ఇంకా తీరలేదు. అన్నిటికీ మించి ఎనభై ఏళ్ల మా అవ్వ కాగితం చూసి, "నన్ను యాడ కూచోబెడతావురా?" అని అడిగింది. అందరం నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు.

మా అనుమానాలన్నీ వరుసగా చెప్పాం. వాడు ఎదురు మాట్లాడలేదు. "సరే నాయనా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేం చెప్పిన వాటిలో అబద్ధమేమీ లేదు. అయితే అసలు మాట మేం పైకి అననే లేదు. ఆ రెండో సీటు ఎవరికి? కొన్ని నెలలుగా వాడి ఉత్తరాల్లో ఒకమ్మాయి ప్రస్తావన తరచు వస్తోంది. చదివి ఊరుకునేవాళ్లం. అడిగితే వినాల్సి వస్తుందని భయం. ఆ భయాన్ని గుంతల చాటున, లారీల చాటున దాచుకున్నాం.

ఇంకో ఆలోచన మమ్మల్ని మరీ కలవరపెట్టింది. కారు వద్దంటే నోరెత్తకుండా మానుకున్నాడు. ఆ అమ్మాయిని వద్దన్నా ఇలాగే "సరే నాయనా" అని, జీవితాంతం మనసులోనే బాధపడితే? మాట వినే బిడ్డ విషయంలో తల్లిదండ్రులు మరింత జాగ్రత్తగా ఉండాలని ఆ రాత్రే మాకు తెలిసింది.

మరునాడు వాణ్ని వెంటబెట్టుకుని బస్సులో గండికోటకు పోయాం. మాధవరాయ గుడి, మసీదు, ధాన్యాగారం దాటి లోయ అంచున ఒక బండమీద కూర్చున్నాం. కింద పెన్నలో నీళ్లు సన్నగా మెరుస్తున్నాయి. అప్పుడడిగాం, "కారు సంగతి అట్లుండనీ. పక్కన కూచునేదెవరు?"

వాడు చాలాసేపు నీళ్లవైపే చూశాడు. తర్వాత చెప్పాడు. ఆ అమ్మాయి మన భాష కాదు. వాళ్లింట్లోనూ ఇంకా తెలియదు. మా మనసులో ముల్లు గుచ్చుకోలేదంటే అబద్ధమవుతుంది. వెంటనే ఒప్పుకోలేదు. "ఒకసారి ఇంటికి పిల్చుకొని రా, చూస్తాం" అని మాత్రం అన్నాం. ఆ ఒక్క మాటకే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెళ్లి రెండేళ్లకు జరిగింది. అవ్వ ముందు వరుసలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. మావాడు చివరికి పాత మారుతి 800 కొన్నాడు. అవ్వకు అందులో వెనకసీటు దొరికింది.

శాన్ స్టార్మ్ ఎక్కువ కాలం నడవలేదు. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మా అనుమానాలే గెలిచాయని చెప్పుకోవచ్చు. కాని ఆ మజ్దా కారు 2016 నాటికి పది లక్షలు తయారైంది. ఆశపడ్డ వాళ్లందరూ తెలివితక్కువవాళ్లు కారు గదా!

మొన్న మావాడు భార్యాపిల్లలతో వచ్చినప్పుడు గండికోటలో అడిగాం, "ఆ ఎర్ర కారు కొనలేదని ఎప్పుడైనా బాధపడ్డావా?" అని.

"అప్పుడప్పుడు" అన్నాడు నవ్వుతూ. కోడలు మాత్రం, "నేను మాత్రం లేదత్తమ్మా! ఆ ఎండలో కప్పు లేకుండా ఎవరు కూచుంటారు?" అంది.